సుక్రు చెయ్యి

ఊఁ కొట్టండి, చెప్తాను. మీరు ఊఁ అనకపోతే నా కథ అడుగు కదపదు.

కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజులవి. గెడ్డలకు, అంటే కొండవాగులకు, మాత్రం పెట్టారు. దాహమేసినప్పుడు పిలుచుకోవాలి కదా మరి. అలా పేరు తెచ్చుకున్న గెడ్డల్లో ఒకటి చలిగెడ్డ. కొండ నెత్తిన ఒక పెద్ద బండ కింద ఊటగా పుట్టి, మూడు మడుగుల్లో మూడుసార్లు ఆగి, మైదానానికి దిగిపోయేది. పై మడుగు దగ్గర పైగూడెం. నడి మడుగు దగ్గర నడిగూడెం. కింది మడుగు దగ్గర కిందిగూడెం. నడివేసవిలో కూడా ఆ నీళ్ళలో కాలు పెడితే పళ్ళు టకటకమనేవి.

ఆ చల్లదనం చూసుకునే ఆ గెడ్డలో ఒక చేప కాపురముండేది. చలిచేప అనేవాళ్ళు. నల్లటి వీపు, పసుపు పొట్ట, రెక్కల అంచున కుంకుమ అద్దినట్టు ఎరుపు. నీళ్ళు కాస్త గోరువెచ్చనైతే చాలు, నోరు తెరుచుకుని తేలిపోయేది. అంత సుకుమారం. ఏ దేవుడు చేశాడో గానీ, చేసేటప్పుడు ఆయన చేతులు తప్పకుండా చల్లగా ఉండి ఉంటాయి.

మూడు గూడేల్లో ఎవరింట్లో కాన్పయినా, బాలింతకు మొదటి ముద్ద చలిచేప పులుసుతోనే. ఆ పులుసు తాగితే పాలు పడతాయని వాళ్ళ నమ్మకం. అత్తగారు పోసేది, అమ్మ పోసేది, ఎవరూ లేకపోతే పక్కింటావిడ పోసేది. ఆ గూడేల్లో తల్లిపాలు తాగిన ప్రతి నోరూ చలిగెడ్డకు రుణపడినట్టే.

అటువంటి చోట, నడిగూడెంలో, సుక్రు అని ఒకడుండేవాడు. బుట్టలల్లి బతికేవాడు. పొలం లేదు. ఆవు లేదు. పెళ్ళాం పోయింది. ఉన్నది ఒక్కతే కూతురు, కొసాయి. వెదురు చీలుస్తుంటే ఎప్పుడో కత్తి జారి, సుక్రు కుడిచేతి చిటికెనవేలు సగానికి తెగిపోయింది. ఆ సగం వేలితోనే అతను అందరికంటే సన్నటి బుట్టలల్లేవాడు.

చేపలు పట్టే బుట్టలు కూడా అల్లేవాడు. ఊరంతా వాటితో పట్టేవాళ్ళు. తను మాత్రం వాటితో పట్టేవాడు కాదు. అతని పద్ధతి వేరు. సన్నటి వెదురుకర్ర. సంతకు వచ్చే గుర్రాల తోక వెంట్రుకలు పేని చేసిన తాడు. చివర చిన్న కొక్కెం. ఆ కొక్కేనికి వానపాము గుచ్చేవాడు కాదు, కోడిపుంజు మెడ ఈక కట్టేవాడు. దారంతో ఎలా చుట్టేవాడో ఏమో, అది అచ్చం నీళ్ళమీద వాలే పురుగులాగే ఉండేది. దాన్ని గాల్లో అటూ ఇటూ ఊపి, నీటిమీద మెల్లగా వాలనిచ్చేవాడు. చేప దాన్ని పురుగనుకుని ఎగిరేది. కొక్కేనికి ఉండే ఎదురుముల్లును కూడా రాతిమీద అరగదీసేసేవాడు, చేప నోరు చిరక్కుండా. బాగా పెరిగిన మగచేప అయితే ఇంటికి తెచ్చుకునేవాడు. పిల్లచేప అయితే, కడుపుతో ఉన్నదైతే, కాసేపు అరచేతుల్లో పెట్టుకుని మురిసిపోయి, వదిలేసేవాడు.

కిందిగూడెం పెద్ద గాసన్నకు ఇది భలే వేళాకోళం, సుక్రు అతనికి వరసకు మామ మరి. సంతలో కనబడితే చాలు, మొదలెట్టేవాడు.

"ఏటి మామా, కోడికి పురుగేస్తారు గానీ, చేపకి కోడినేస్తారేటి?"

"కోడిని కాదు అల్లుడా, ఈకనే."

"పట్టి మళ్ళీ వదిలీస్తావట. మరెందుకు పట్టడం?"

"పలకరించడానికి."

"పలకరించడానికి గాలం దేనికి మామా? నోరు లేదేటి నీకు?"

సంత సంతంతా నవ్వేది. సుక్రు కూడా నవ్వేవాడు. మనసులో కాస్త గర్వం కూడా ఉండేది. అందరూ పట్టి తినేవాళ్ళే, నేనొక్కడినే పట్టి వదిలేవాడిని అని. ఆ గర్వం సంగతి తర్వాత చెప్తాను.

రోజులు గడిచాయి. చలిచేపలు తగ్గడం మొదలైంది.

పైగూడెం వాళ్ళు పోడు కోసం ఒడ్డున ఉన్న చెట్లు కొట్టేశారు. మడుగు మీద నీడ పోయింది. ఎండ నీళ్ళలోకి దిగింది. నడిగూడెం వాళ్ళు చేపలు పైకెక్కే ఇరుకు దారిలోనే బుట్టలు పెట్టారు. గుడ్లు పెట్టడానికి వెళ్ళే చేప వెళ్ళింది వెళ్ళినట్టే బుట్టలో పడింది. కిందిగూడెం వాళ్ళు పండగ వస్తే అడవికాయలు దంచి మడుగులో కలిపేవాళ్ళు. ఆ మందుకు చేపలు మత్తెక్కి తేలేవి. పెద్దవి ఏరుకునేవాళ్ళు, చిన్నవి ఊరికే చచ్చిపోయేవి.

అడిగితే పైవాళ్ళు కిందివాళ్ళని చూపించేవాళ్ళు. కిందివాళ్ళు పైవాళ్ళని చూపించేవాళ్ళు. నడిమివాళ్ళు రెండు చేతులతో ఇద్దర్నీ చూపించేవాళ్ళు.

అలాంటప్పుడు కొసాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మూడు గూడేలకూ ఒకటే మంత్రసాని, దాలిమ్మ. ఆవిడది కిందిగూడెం. జుట్టు తెల్లగా, మాట కారంగా ఉండేది. ఆవిడ చేతుల్లోనే ఆడపిల్ల పుట్టింది. పిల్ల గట్టిగానే ఏడ్చింది. తల్లికి మాత్రం పాలు పడలేదు.

దాలిమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఒరే సుక్రూ, ఊరందరికీ బుట్టలల్లావు, ఈకలు కట్టావు. నీ కూతురికి ఒక్క చేప తేలేవేట్రా?"

"తెస్తానక్కా," అని సుక్రు కర్ర పట్టుకుని బయల్దేరాడు.

కింది మడుగుకు వెళ్ళాడు. ఈక వేశాడు. నీరు కదల్లేదు. నడి మడుగుకు వెళ్ళాడు. ఈక వేశాడు. నీరు కదల్లేదు. పై మడుగుకు వెళ్ళేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఒకప్పుడు అక్కడ కూర్చుంటే చొక్కా తడి ఆరేది కాదు, అంత నీడ. ఇప్పుడు బోడి బండ. ఆ బండమీదే కూర్చుని ఈక వేశాడు.

నీరు కదిలింది!

చేప పడింది. అంత పెద్ద చలిచేపను అతను ఏళ్ళ తరబడి చూడలేదు. రెండు చేతులతో ఎత్తాడు. పొట్ట నిండుగా ఉంది. బొటనవేలితో నిమిరితే లోపల గుడ్లు తగిలాయి.

దీన్ని తీసుకెళ్తే కూతురికి పాలు పడతాయి. వదిలేస్తే ఈ కడుపులోంచి ఎన్ని చేపలొస్తాయో, ఎంతమంది కూతుళ్ళకు పులుసవుతాయో. చేపను బండమీద పెట్టాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ పెట్టాడు. "ఏం చెయ్యమంటావే తల్లీ?" అని దాన్నే అడిగాడు. చేపకు నోరుంది గానీ మాట లేదు కదా. చివరికి కళ్ళు మూసుకుని నీళ్ళలో వదిలేశాడు. అది ఒకసారి పక్కకు ఒరిగి, లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాడు. కొసాయి పక్కమీంచి తల తిప్పి చూసింది.

"దొరకలేదా అయ్యా?"

సుక్రుకు అబద్ధం చేతకాదు.

"దొరికిందమ్మా. వదిలీసాను."

"ఏటీ?"

"అది కడుపుతో ఉందమ్మా."

కొసాయి గోడవైపు తిరిగిపోయింది. "మొన్నటిదాకా నేనూ కడుపుతోనే ఉన్నాను," అంది.

చంటిపిల్ల మళ్ళీ ఏడుపు అందుకుంది. దాలిమ్మ పిల్లను ఎత్తుకుని పక్కింట్లో పాలిచ్చే తల్లి దగ్గరకు తీసుకెళ్ళింది. ఆవిడ ఒక పక్క తన బిడ్డను, ఇంకో పక్క ఈ బిడ్డను పెట్టుకుంది. పిల్ల బతికింది. కొసాయి మాత్రం తండ్రితో మాట్లాడలేదు. సుక్రు ఓర్చుకున్నాడు. పోనీలే, ఆ చేపైనా బతికింది కదా, గెడ్డ నిండుతుంది కదా అనుకున్నాడు.

అలా అనుకుంటూ ఉండగానే దాలిమ్మ మళ్ళీ వచ్చింది. చేతిలో ఆకు. ఆకులో చచ్చిన చేప. నల్లటి వీపు, పసుపు పొట్ట, నిండుగా గుడ్లు. కింది మడుగు దాకా కొట్టుకొస్తే, గుడ్డలుతుకుతున్న దాలిమ్మకు కనబడింది. దాని ఒంటిమీద తెల్లగా మచ్చలు, వేళ్ళ అచ్చులు. మూడు నిండువేళ్ళు, ఒక సగం వేలు.

"ఒరే, నీ కుడిచెయ్యి ఇలా చాపు."

సుక్రు చాపాడు. దాలిమ్మ అతని వేళ్ళు ఆ మచ్చల పక్కన పెట్టింది. సరిగ్గా సరిపోయాయి.

"నేను చంపలేదక్కా! వదిలీసాను! నా కళ్ళముందే ఈదుకుంటూ పోయింది!"

"పోయింది. పోయి చచ్చింది," అంది దాలిమ్మ. కోపంగా కాదు, నెమ్మదిగా. "పుట్టిన బిడ్డ ఒంటిమీద వెన్నలాంటి పూత ఉంటుందిరా. అది బిడ్డకు కాపు. తెలీనోళ్ళు ఒడుపు లేకుండా తుడిచేస్తారు, బిడ్డ చలికి నీలుక్కుపోద్ది. చేప ఒంటిమీద జిగురు కూడా అలాంటిదే. నువ్వు ఎండలో కాలిన బండమీద కూర్చున్నావు. కాలిన చేతులతో పట్టుకున్నావు. కాలిన బండమీద పడుకోబెట్టావు. మన ఒంటి వేడి ఆ చల్లటి ఒంటికి నిప్పురా. దాన్ని నువ్వు మురిపెంగా వండీసావు."

సుక్రు ఆ ఆకును చేతుల్లోకి తీసుకున్నాడు. కూతురికీ దక్కలేదు. గెడ్డకూ దక్కలేదు.

"మరి ఇన్నేళ్ళూ నేను పట్టి వదిలినవో?"

"నన్నడిగితే నాకేం తెలుస్తాది? గెడ్డనడుగు."

సుక్రు నిజంగానే గెడ్డను అడగడానికి వెళ్ళాడు. ఒడ్డున మూడు గుంటలు తవ్వి నీళ్ళు నింపాడు. ఎక్కడైనా దొరికే చిన్న పక్కె చేపలు మూడు పట్టాడు. ఒకదాన్ని పొడిచేత్తో పట్టి మొదటి గుంటలో వేశాడు. ఒకదాన్ని తడిచేత్తో పట్టి రెండో గుంటలో వేశాడు. మూడోదాన్ని పట్టేముందు చేతులు ఊటలో పెట్టి, తన చెయ్యి తనకే తెలియనంత చల్లబడేదాకా ఉంచి, అప్పుడు పట్టి మూడో గుంటలో వేశాడు.

తెల్లారి చూస్తే మొదటిది వెల్లకిలా ఉంది. రెండోది ఒక పక్కకు ఒరిగి ఈడ్చుకుంటూ ఉంది. మూడోది నీటిమీద వాలిన దోమల్ని తింటూ ఉంది.

అప్పుడు అతని గర్వం మొత్తం ఆ మొదటి గుంటలో వెల్లకిలా పడింది. కానీ చూడండి ఎంత చిత్రమో, గర్వం పోయిన చోట ధైర్యం వచ్చింది. తప్పు ఎక్కడుందో తెలిసినవాడికి ఇక భయమేముంటుంది?

ఆ ఏడు వేసవి మండింది. చలిగెడ్డ మడుగుకీ మడుగుకీ మధ్య ఎండిపోయి రాళ్ళు తేలింది. కింది మడుగు వేరుపడి, రోజురోజుకూ కుంచించుకుపోయింది. అప్పటిదాకా రాతి అరల్లో దాక్కున్న చలిచేపలు ఆ వేడికి తట్టుకోలేక బయటికొచ్చాయి. తెల్లారగట్ల నీళ్ళు కాస్త చల్లబడినప్పుడు తిరిగేవి, ఎండెక్కితే పైకొచ్చి నోళ్ళు తెరిచేవి. ఇంకెక్కడా లేవు. గెడ్డ మొత్తానికి మిగిలినవి అవే.

సుక్రు చూసొచ్చి చెప్పాడు. "వీటిని పై మడుగుకు చేర్చాలి. అక్కడ ఊట ఉంది. లేకపోతే మన గూడేల్లో ఇకమీదట ఏ బాలింతా ఆ పులుసు చూడదు."

గాసన్న, "దానికేం మామా, వలేస్తే ఒక్క దెబ్బలో అయిపోద్ది," అన్నాడు. వల వేశాడు. వచ్చిన చేపలు వల దారాలకు రాసుకుని, ఒంటి జిగురంతా పోయి, కుండలోనే చచ్చిపోయాయి.

సుక్రు తను అల్లిన బుట్టే పెట్టాడు. బుట్టలో పడ్డవి బెదిరి, వెదురుకు మూతులు కొట్టుకుని చచ్చిపోయాయి. ఆ రోజు సుక్రు ఆ బుట్టను మోకాలికేసి విరిచేశాడు.

ఇక మిగిలింది ఈక. చేపను ఒక్కొక్కదాన్నే పిలవాలి, ఒక్కొక్కదాన్నే పట్టాలి. కానీ ఒక్క మనిషి ఒక్క కర్రతో ఎన్ని పట్టగలడు? ఈలోగా మడుగు ఉడికిపోదూ?

దాలిమ్మ కొంగు బిగించింది. కిందిగూడెం నడిమధ్య నిలబడి కేకేసింది. నడిగూడెంలో కేకేసింది. పైగూడెంలో కేకేసింది.

"నా చేతుల్లో పుట్టినోళ్ళంతా బయటికి రండి!"

మరి ఆ మూడు గూడేల్లో ఆవిడ చేతుల్లో పుట్టనివాళ్ళెవరు? అందరూ బయటికొచ్చారు. గడ్డాలు నెరిసినవాళ్ళు కూడా వచ్చారు. గాసన్న కూడా గొణుక్కుంటూ వచ్చాడు.

"ఏటత్తా ఇది, ఊరి పెద్దని కూడా పిల్లోణ్ణి పిలిచినట్టు పిలుస్తావు?"

"నువ్వు పుట్టినప్పుడు ఏడవలేదురా గాసీ. నేను వీపుమీద ఒక్కటిస్తే ఏడ్చావు. మళ్ళీ ఇవ్వమంటావేటి?"

గాసన్న గబగబా వెదురుకర్ర అందుకున్నాడు.

ఆ తర్వాత నాలుగు రోజులూ మూడు గూడేల్లో ఒకటే పని. సుక్రు ఈకలు కట్టడం నేర్పాడు. ఏ పుంజు మెడ చూసినా బోసిగా ఉండేది. పాపం ఆ పుంజులు పెట్టల ముందుకు రావడానికి సిగ్గుపడి, తెల్లారినా కూయడం మానేశాయని చెప్పుకుంటారు. పైగూడెం వాళ్ళు కొట్టేసిన చెట్లను మళ్ళీ నిలబెట్టలేరు కదా, అందుకని పై మడుగు మీద పెళ్ళికి వేసినట్టు పచ్చటి ఆకుల పందిరి వేశారు. బండలు చల్లబడ్డాయి. నీళ్ళు చల్లబడ్డాయి.

ఐదో రోజు ఇంకా వెలుగు రాకముందే కొండ పొడుగునా మనుషులు నిలబడ్డారు. పైనుంచి ఊటనీళ్ళ కుండలు చేతులు మారుతూ కిందికి దిగేవి. కిందినుంచి చేపలున్న ఆనపబుర్రలు, అంటే ఎండిన సొరకాయ బుర్రలు, చేతులు మారుతూ పైకెక్కేవి. కింది మడుగు చుట్టూ ఈకలు గాల్లో ఊగాయి. చేపలు ఎగిరాయి. పట్టడం అందరికీ వచ్చింది. పట్టిన చేపను ముట్టుకోవడమే ఎవరికీ రాలేదు. సంబరంలో చేతులు వేడెక్కిపోయాయి. మూడు చేపలు చేతుల్లోనే పోయాయి. దాంతో అందరికీ భయమేసింది.

అప్పుడు సుక్రు ఒడ్డున ఒక పెద్ద కుండ పెట్టించుకుని, ఊటనీళ్ళు పోయించుకుని, అందులో మోచేతుల దాకా చేతులు పెట్టాడు.

"మీరెవరూ ముట్టుకోకండి. తాడుతోనే నీళ్ళలో నడిపించుకుంటూ నా దగ్గరకు తెండి."

ఒక్కొక్కటే వచ్చింది. సుక్రు కుండలోంచి చేతులు తీసి, నీళ్ళలోనే చేపను పట్టి, కొక్కెం తప్పించి, ఆనపబుర్రలోకి జార్చి, మళ్ళీ చేతులు కుండలో పెట్టేవాడు. నీళ్ళు కాస్త వేడెక్కితే పారబోసి, పైనుంచి వచ్చిన కొత్త కుండ పోసేవాళ్ళు. ఎండ ఎక్కింది. ఎండ దిగింది. అతను లేవలేదు. చేతులు తెల్లబడ్డాయి, ముడతలు పడ్డాయి, నీలం తిరిగాయి.

"చాల్రా, లేచి రా," అంది దాలిమ్మ.

"ఇంకోటుంది అక్కా."

"చాల్రా సుక్రూ, వేళ్ళు పోతాయి."

"ఇంకోటుంది అక్కా."

నిజంగానే ఇంకోటుంది. అన్నిటికంటే పెద్దది, కడుపు నిండా గుడ్లున్నది, అప్పటిదాకా ఎవరి ఈకకీ ఎగరనిది. సాయంత్రం గాసన్న ఈకకు ఎగిరింది. గాసన్న ఊపిరి బిగబట్టి, దాన్ని నీళ్ళలో నడిపించుకుంటూ తెచ్చాడు. సుక్రు చేతులు బయటికి తీశాడు. వేళ్ళు ముడుచుకోలేదు. కొయ్యల్లా అయిపోయాయి. రెండుసార్లు ప్రయత్నించాడు. కొక్కెం అందలేదు.

"నావల్ల కాదు అల్లుడా. నీ చేతులు పెట్టు కుండలో."

గాసన్న వెనక్కి జరిగాడు. "నేనా మామా? ఈ చేతులతోనే కదా నేను మడుగులో మందు కలిపాను."

"అందుకే కాస్త ఎక్కువసేపు పెట్టు."

గాసన్న చేతులు కుండలో పెట్టాడు. చలికి పళ్ళు కొరుక్కున్నాడు.

"చాలా మామా?"

"ఇంకా."

"చాలా మామా?"

"ఇంకా."

"చాలా మామా? నా చేతులున్నాయో లేవో కూడా తెలీటం లేదు."

"అదిగో, ఇప్పుడు తియ్యి."

ఆ మందు కలిపిన చేతులే ఆ తల్లిచేపను పట్టుకున్నాయి. ఎంత మెత్తగా పట్టుకున్నాయంటే, అది గింజుకోనైనా లేదు. కొక్కెం వచ్చేసింది. ఆనపబుర్ర కొండెక్కింది. ఆ బుర్రతోపాటు ఒడ్డున ఉన్నవాళ్ళంతా కొండెక్కారు. పై మడుగులో, పందిరి నీడలో, గాసన్న ఆ చేపను నీటికి ఎదురుగా పెట్టి, అలా అరచేతుల మీద ఊరికే ఉంచాడు. అతను వదల్లేదు. అదే తోక ఒకసారి ఆడించి, తనంతట తనే వెళ్ళింది. ఆ నల్లటి వీపు లోతుకు దిగిపోవడం చూస్తూ, ఊరి పెద్ద, గడ్డం నెరిసినవాడు, దాలిమ్మ వీపుమీద కొట్టకుండానే ఏడ్చాడు.

సుక్రును ఇద్దరు పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. కొసాయి గుమ్మంలో నిలబడి ఉంది. ఇన్నాళ్ళుగా మాట్లాడని పిల్ల, చంటిదాన్ని తండ్రి ముందుకు చాపింది.

"ఎత్తుకో అయ్యా."

సుక్రు చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"ఉండమ్మా. ఇవి చేపకి పనికొచ్చే చేతులు. ముందు బిడ్డకి పనికొచ్చేవిగా చేసుకోనీ."

పొయ్యి దగ్గర కూర్చుని, నిప్పుల మీద చేతులు కాచుకుని, అరచేతులు చెంపకు ఆనించి చూసుకుని, అప్పుడు మనవరాల్ని ఎత్తుకున్నాడు. ఆ పిల్ల అతని సగం వేలును పట్టుకుని నోట్లో పెట్టుకుంది. కొసాయి నవ్విందో ఏడ్చిందో, చూసినవాళ్ళు రెండు రకాలుగానూ చెప్తారు.

వానలొచ్చాయి. మడుగులు మళ్ళీ కలిశాయి. నడిగూడెం వాళ్ళు ఇరుకు దారిలో బుట్టలు తీసేశారు. కిందిగూడెంలో అడవికాయలు దంచిన రోలును తిరగేసి, దానిమీద కూర్చోవడం మొదలెట్టారు. పైగూడెం వాళ్ళు ఒడ్డున మొక్కలు నాటి, అవి పందిరిని మించి పెరిగేదాకా వాటికి నీళ్ళు పోశారు. ఒకరోజు పిల్లలు పరుగెత్తుకొచ్చి, పై మడుగు అంచున చీమల బారులా ఏవో కదులుతున్నాయన్నారు. వెళ్ళి చూస్తే చలిచేప పిల్లలు. వేలెడు కూడా లేవు, అప్పుడే రెక్కల చివర ఎరుపు.

అవి పెద్దయ్యేదాకా ఎవరూ గాలం వెయ్యలేదు. కొసాయి రెండో కాన్పు కూడా పులుసు లేకుండానే జరిగింది. ఈసారి తనే వద్దంది. ఆ తర్వాత ఎప్పటికో, గాసన్న కోడలికి కొడుకు పుట్టినప్పుడు, మొదటి చలిచేప పులుసు ఉడికింది. కుండ నెత్తిన పెట్టుకుని కిందిగూడెం దాకా మోసుకెళ్ళింది కొసాయే.

సుక్రు వేళ్ళు మాత్రం మళ్ళీ తిన్నగా కాలేదు. బుట్టలల్లలేకపోయాడు. అల్లలేని ఆ చేతులకు మూడు గూడేలూ వంతులేసుకుని ముద్ద పెట్టాయి. అతను ఒడ్డున కూర్చుని, ఈక కట్టేవాళ్ళకు దారం ఎటు చుట్టాలో చెప్తూ, ఎదురుముల్లు అరగదీశారో లేదో చూస్తూ ముసలివాడయ్యాడు. ఒక చలికాలం పొద్దున అలా కూర్చునే పోయాడు. స్నానం చేయించడానికి వచ్చినవాళ్ళు ముందు వెళ్ళి గెడ్డలో చేతులు ముంచుకొచ్చారట. ఎవరూ చెప్పలేదు. అందరికీ అలా చెయ్యాలనిపించింది, అంతే.

ఇప్పటికీ చలిగెడ్డలో ఈకతో చేపలు పట్టేవాళ్ళున్నారు. కూలిపనికి వెళ్ళేవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు, పొలం దున్నేవాళ్ళు. ఎవరూ పిలవకుండానే వేసవి ముందు అందరూ కలిసి వస్తారు, ఒడ్డున మొక్కలు నాటుతారు, ఎండిన చోట చిక్కుకున్న చేపల్ని పై మడుగుకు చేరుస్తారు. చేపను ముట్టుకోబోతుంటే పక్కవాడు ఆపుతాడు. "ఆగు, సుక్రు చెయ్యి చేసుకో," అంటాడు. అంటే చెయ్యి ఊటలో పెట్టాలి, చాలా అని మూడుసార్లు అడగాలి, మూడోసారి పక్కవాడు ఊఁ అన్నాకే తియ్యాలి.

ఆ మాట గెడ్డ దగ్గరే ఆగిపోలేదు. నారు పీకేవాళ్ళు పీకేముందు చేతులు తడుపుకుని, సుక్రు చెయ్యి అయిందా అని అడుగుతారు. గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన కోడిపిల్లను ఎత్తేవాళ్ళు అరచేతులు రుద్దుకుని అదే అడుగుతారు.

మంచు కురిసే రోజుల్లో ఆ గూడేల్లో ఎవరింట్లోనైనా బిడ్డ పుడితే, చూడ్డానికి వెళ్ళి చూడండి. చుట్టాలొస్తారు, బహుమతులు తెస్తారు, బిడ్డ కోసం చేతులు చాపుతారు. వచ్చినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా సరే, ఆ ఇంటి ఆడవాళ్ళు బిడ్డను వెంటనే ఇవ్వరు. నిప్పుల కుంపటి ముందుకు జరిపి, పీట వేసి, నవ్వుతూ చెప్తారు.

"కూర్చోండి. సుక్రు చెయ్యి చేసుకోండి. బిడ్డ ఎక్కడికీ పోదు."